వృషణాల్లో నొప్పి: ఏది తెల్లారేదాకా ఆగకూడదు, ఏది ఆగినా ఫరవాలేదు

మీరు రాసినదాన్ని క్లుప్తంగా చెబితే ఇది: వయసు 21, హాస్టల్లో ఉంటున్నారు. మూడు వారాలుగా ఎడమవైపు వృషణంలో నొప్పి వచ్చి పోతోంది, సాయంత్రానికి బరువుగా లాగుతున్నట్టు ఉంటోంది. ఇంట్లో చెప్పుకోలేకపోతున్నారు. క్యాన్సరేమో అని ఒక భయం, హస్తప్రయోగం వల్ల వచ్చిందేమో అని ఇంకో భయం. ఈ రెండు భయాల మధ్యలో ఒక్క వాక్యం రాసి దాటేశారు: పోయిన వారం ఒక రాత్రి నిద్రలో భరించలేని నొప్పి వచ్చి, వాంతి అయి, అరగంటకు దానంతటదే తగ్గిపోయింది, అందుకే పట్టించుకోలేదని.

మీ ప్రశ్న మొత్తంలో నన్ను కంగారు పెట్టింది ఆ వాక్యమే. తగ్గింది కాబట్టి వదిలేశానన్నారు. తగ్గింది కాబట్టే తొందరపడమని నేనంటాను. నిద్రలోంచి లేపేంత నొప్పి ఉన్నట్టుండి రావడం, కడుపులో తిప్పి వాంతి కావడం, కాసేపటికి ఏమీ జరగనట్టు మాయం కావడం: ఈ వరస వింటే వృషణం మెలిపడి, అదృష్టం కొద్దీ దానంతటదే విడిపోయిందేమో అని మొట్టమొదట అనుమానించాలి. అలా పడి విడిపోయే మెలిక ఏదో ఒకరోజు విడిపోకుండా ఉండిపోవచ్చు. అది ఏ రోజన్నది ఏ డాక్టరూ చెప్పలేడు. రేపు పొద్దున్నే యూరాలజిస్టును, అంటే మూత్ర, పురుష జననాంగాల జబ్బులు చూసే డాక్టరును కలవండి. ఈలోగా మళ్ళీ అలాంటి నొప్పి వస్తే ఓపీ టైము కోసం చూడొద్దు. అర్ధరాత్రయినా సరే, ఆ నిమిషమే ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రి క్యాజువాలిటీకి బయల్దేరండి.

మెలిపడటం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతా కారణాల్లో చాలావాటికి దీనంత తొందర లేదు. వృషణం పైనుంచి వచ్చే ఒక రక్తనాళాల కట్టకు వేలాడుతూ ఉంటుంది. దానికి రక్తం వచ్చేదీ పోయేదీ ఆ కట్టలోంచే. మామూలుగా వృషణం వెనకభాగం వృషణాలుండే చర్మపు సంచి గోడకు అంటుకుని ఉంటుంది కాబట్టి గిర్రున తిరగలేదు. కొందరికి పుట్టుకతోనే ఆ అతుకు సరిగా ఉండదు. అలాంటివాళ్ళలో వృషణం గుడిగంటలో నాలుకలాగా వదులుగా ఊగుతుంది. నిద్రలోనో, ఆటలోనో, చిన్న దెబ్బ తగిలినప్పుడో, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానో ఆ కట్ట మెలి తిరుగుతుంది. ముందు రక్తం బయటికి పోయే దారి మూసుకుని వృషణం ఉబ్బుతుంది, తర్వాత లోపలికొచ్చే రక్తం కూడా ఆగిపోతుంది. 12 నుంచి 18 ఏళ్ళ మధ్య ఎక్కువగా చూస్తాం. పుట్టిన పసికందుల్లోనూ ఉంటుంది, 20లలో, 30లలో ఉన్నవాళ్ళలోనూ ఉంటుంది. వయసు దాటిపోయిందని ధీమాగా ఉండటానికి లేదు.

ఇక్కడ లెక్క గంటల్లో ఉంటుంది. నొప్పి మొదలైన 6 గంటల్లోపు మెలిక విప్పగలిగితే నూటికి 90కి పైగా వృషణాలు బతుకుతాయి. 12 గంటలకు అది దాదాపు సగానికి పడిపోతుంది. 24 గంటలు దాటాక నూటికి పది కూడా దక్కడం కష్టం. ఈ లెక్క ఆసుపత్రి గుమ్మం ఎక్కినప్పటినుంచి కాదు, నొప్పి మొదలైన క్షణం నుంచి. ఊళ్ళోంచి పట్నానికి రావడం, స్కానింగ్, మత్తు డాక్టరు రావడం, థియేటరు సిద్ధం చేయడం, ఇవన్నీ ఆ ఆరు గంటల్లోనే జరగాలి. అందుకే తెల్లారాక చూద్దాం అన్న మాటకి నాకు అంత భయం.

మగపిల్లలున్న తల్లిదండ్రులు కూడా ఇది చదువుతారు కాబట్టి ఇంకో మాట. పన్నెండు, పదమూడేళ్ళ కుర్రాడు అమ్మతో "వృషణం నొప్పి" అని చెప్పడు. "కడుపునొప్పి" అంటాడు. సిగ్గు సగం కారణం. రెండోది, నిజంగానే ఆ నొప్పి పొత్తికడుపులోకి ఎగబాకుతుంది, కొందరికి మొదట అక్కడే తెలుస్తుంది. వాంతులు కూడా ఉంటాయి కాబట్టి ఇంట్లో గ్యాస్ అనుకుంటారు, బయట తిన్నది పడలేదనుకుంటారు. వాడి లాగు విప్పి చూడకుండా కడుపు మీద చెయ్యి వేసి మందు రాసిచ్చిన చోట ఆ వృషణం పోతుంది. కాబట్టి మగపిల్లాడికి ఉన్నట్టుండి పొత్తికడుపులో నొప్పీ వాంతులూ వస్తే, నాన్నో మామయ్యో పక్కకు తీసుకెళ్ళి "కిందేమైనా నొప్పిగా ఉందా?" అని సూటిగా అడగాలి, చూడాలి. డాక్టరు చూడకపోతే చూడమని అడగాలి. చిన్నప్పటినుంచీ ఒకవైపు వృషణం సంచిలోకి దిగని పిల్లాడికి ఆ వైపు గజ్జల్లో నొప్పి వచ్చినా ఇదే అనుమానం, ఇదే తొందర.

పల్లెల్లో ఎక్కువగా జరిగేది ఇంకొకటి. దగ్గర్లో ఉన్న ఆర్ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ చేయించుకుంటారు. కాస్త ఉపశమనం వస్తుంది, పడుకుంటారు. మర్నాటికి నొప్పి ఇంకా తగ్గుతుంది, నయమైందనుకుంటారు. రక్తం అందక వృషణం చచ్చిపోయాక కూడా నొప్పి తగ్గుతుంది. వాపు అలాగే ఉండి నొప్పి ఒక్కటే నెమ్మదిస్తే అది నయం కావడం కాదు. తర్వాత కొన్ని వారాలకు ఆ వృషణం ఎండి చిన్నదైపోయినప్పుడు గాని అసలు సంగతి తెలియదు.

బయల్దేరేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి తక్కువే. దారిలో టీ, టిఫిన్, జ్యూస్ ఏమీ వద్దు. కడుపు ఖాళీగా ఉంటే మత్తు ఇవ్వడం సులువు, లేకపోతే దానికోసం మళ్ళీ ఆలస్యం. వేడి కాపడం పెట్టొద్దు. ఇంట్లో ఎవరూ దాన్ని తిప్పి సరిచేయాలని చూడొద్దు. ముందు స్కానింగ్ సెంటరుకు వెళ్ళి రిపోర్టు పట్టుకుని ఆసుపత్రికి పోదామనే ఆలోచన కూడా వద్దు, నేరుగా సర్జన్ ఉన్నచోటికే వెళ్ళండి. బండి లేకపోతే 108. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్, గుంటూరులో జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో రాత్రిపూట కూడా అత్యవసర ఆపరేషన్లు జరుగుతాయి. జిల్లా ఆసుపత్రిలో జనరల్ సర్జన్ కూడా ఈ ఆపరేషన్ చేయగలడు, యూరాలజిస్టే కావాలని దూరం పోనక్కర్లేదు. గుమ్మంలోనే "ఇన్ని గంటలకు మొదలైంది, ఒక్కసారిగా వచ్చింది, వృషణంలో" అని చెప్పండి. ఒంట్లో బాగాలేదని నసిగితే చీటీ రాయించుకుని వరసలో కూర్చోబెడతారు.

డాక్టర్లం మేము ఏం చూస్తామంటే, వృషణం రెండోదానికన్నా పైకి లాక్కున్నట్టు ఉందా, అడ్డంగా పడి ఉందా అని మొదట. తర్వాత తొడ లోపలివైపు చర్మం మీద వేలితో మెల్లగా గీస్తాం. మామూలుగా అయితే ఆ వైపు వృషణం చటుక్కున కాస్త పైకి కదులుతుంది. మెలిపడినదైతే చాలావరకు కదలదు. ఇంత చిన్న పరీక్షకు యంత్రం అక్కర్లేదు, ఏ పీహెచ్‌సీలోనైనా చేయొచ్చు. డాప్లర్ స్కాన్‌లో రక్తప్రసారం ఎలా ఉందో తెలుస్తుంది. కానీ లక్షణాలు మెలికనే చెబుతున్నప్పుడు, స్కాన్ దొరక్కపోయినా, సందేహంగా వచ్చినా, తెరిచి చూడటమే మేలు. తెరిచాక ఏమీ లేదని తేలితే పోయేది చిన్న కుట్టు. తెరవకపోతే పోయేది వృషణం. ఆపరేషన్‌లో మెలిక విప్పి, రంగు తిరిగి వస్తోందా అని చూసి, వృషణాన్ని సంచి గోడకు కుట్టి నిలబెడతారు. రెండోవైపు కూడా అలాగే కుడతారు, ఎందుకంటే పుట్టుకతో వచ్చిన ఆ వదులు చాలాసార్లు రెండువైపులా ఉంటుంది.

మెలిక కాకుండా ఎక్కువగా చూసే ఇంకో కారణం ఇన్ఫెక్షన్. వృషణం వెనకాల వీర్యకణాలు నిలవుండే ఒక మెత్తటి గొట్టాల చుట్ట ఉంటుంది. అక్కడ మొదలై వృషణానికి పాకుతుంది. ఇది గంటల్లో కాదు, ఒకటి రెండు రోజుల్లో మెల్లగా పెరుగుతుంది. జ్వరం, చలి, మూత్రంలో మంట, సంచి ఎర్రబడి వేడిగా ఉండటం తోడవుతాయి. 35 ఏళ్ళలోపు లైంగిక సంబంధాలున్నవాళ్ళలో క్లమీడియా, గనేరియా లాంటి సుఖవ్యాధుల వల్ల ఎక్కువ. ఆ వయసు దాటాక, ముఖ్యంగా మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం పూర్తిగా రాని పెద్దవాళ్ళలో, మూత్రంలోని ఈ-కోలై బ్యాక్టీరియా వల్ల ఎక్కువ. డాక్టరు అడిగినప్పుడు లైంగిక సంబంధాల గురించి నిజం చెప్పండి. దాన్నిబట్టి యాంటీబయాటిక్ మారుతుంది, భాగస్వామికి కూడా మందు వాడాల్సి రావచ్చు. మందు మొదలుపెట్టిన మూడు రోజుల్లో నొప్పి, జ్వరం దారికి రావాలి. రాకపోతే మళ్ళీ చూపించుకోవాలి, చీము పట్టిందేమో చూడాలి. వాపు గట్టిదనం పూర్తిగా పోవడానికి మాత్రం వారాలు పడుతుంది, దానికి బెదిరి డాక్టర్లను మార్చనక్కర్లేదు. నొప్పి తగ్గిందని నాలుగోరోజే మాత్రలు ఆపేయడం మాత్రం తప్పు.

మన ప్రాంతంలో రెండు జబ్బులు ఈ జాబితాలోకి తప్పకుండా రావాలి. ఒకటి ఫైలేరియా. బోదకాలు అంటే అందరికీ కాలే గుర్తొస్తుంది గాని, మగవాళ్ళలో ఇది సంచినీ అంతే పట్టుకుంటుంది. శ్రీకాకుళం, గోదావరి జిల్లాల్లోనూ, తెలంగాణలో నల్గొండ, కరీంనగర్ వైపూ ఇది చాలాకాలంగా ఉంది. చలిజ్వరంతో గజ్జల్లో బిళ్ళ కట్టి, వృషణం పైన కట్ట నొప్పిగా గట్టిపడి, వారంలో తగ్గి, మళ్ళీ కొన్ని నెలలకు రావడం దీని తీరు. అలా వచ్చిపోతూ ఉండగా సంచిలో నీరు చేరి వరిబీజం అవుతుంది. ఆ క్రిములు రక్తంలో రాత్రిపూటే బయటపడతాయి కాబట్టి స్లైడు పరీక్షకు రాత్రి రక్తం తీస్తారు. ఫైలేరియా ఉన్న చోట్ల దాన్ని అరికట్టడానికి ఇంటింటికీ వచ్చి ఇచ్చే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలను చాలామంది తీసుకుని గూట్లో పడేస్తారు. దయచేసి మింగండి. వరిబీజం ఒక్కటే ఉంటే పెద్దగా నొప్పి ఉండదు, బరువుగా ఉంటుంది. ఆపరేషన్‌తో పోతుంది.

రెండోది క్షయ. టీబీ ఊపిరితిత్తులకే పరిమితం కాదు. వృషణం వెనక గట్టిగా, నొప్పి అంతగా లేకుండా గడ్డకట్టి, మామూలు యాంటీబయాటిక్స్ ఎన్ని వాడినా తగ్గకపోతే, లేదా సంచి వెనకనుంచి కొద్దికొద్దిగా చీము కారుతుంటే టీబీ పరీక్షలు చేయించాలి. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది.

గవదబిళ్ళలు వచ్చిన నాలుగు నుంచి ఎనిమిది రోజులకు కొందరికి వృషణం వాస్తుంది. ఈడొచ్చిన తర్వాత గవదలు వచ్చినవాళ్ళలోనే ఇది ఎక్కువ. విశ్రాంతి, నొప్పి మాత్ర చాలు. పిల్లలు పుట్టరని ఊళ్ళో బెదిరిస్తారు గాని, సాధారణంగా ఒకవైపే వస్తుంది, పూర్తిగా సంతానం లేకపోవడం అరుదు. ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లల్లో వృషణం పైకొసన ఉండే చిన్న తోకలాంటి భాగం మెలిపడి నొప్పి పుడుతుంది. చర్మం కింద నీలంగా చుక్కలా కనబడొచ్చు. అది వారం పది రోజుల్లో తగ్గిపోతుంది, వృషణానికి ప్రమాదం లేదు. కాకపోతే అది ఇదేనని తేల్చాల్సింది డాక్టరు, ఇంట్లోవాళ్ళు కాదు.

ఇక మీరు చెప్పిన సాయంత్రపు లాగుడు. నిలబడ్డప్పుడు పెరిగి, పడుకుంటే తగ్గే ఎడమవైపు బరువుకు వేరికోసిల్ సాధారణ కారణం. వృషణం నుంచి పైకి వెళ్ళే సిరలు ఉబ్బి మెలికలుగా చేతికి తగులుతాయి. నూటికి 15 మంది మగవాళ్ళలో ఇది ఉంటుంది, చాలామందికి ఏ బాధా ఉండదు. ఎడమవైపే ఎందుకంటే, ఆ వైపు సిర పొడుగ్గా పైకి వెళ్ళి కిడ్నీ సిరలో లంబకోణంలో కలుస్తుంది, రక్తం సులువుగా పైకి పోదు. నొప్పి బాగా ఇబ్బంది పెట్టినా, సంతానం ఆలస్యమై వీర్యపరీక్షలో తేడా వచ్చినా ఆపరేషన్ ఆలోచిస్తాం. కుడివైపు మాత్రమే కొత్తగా వచ్చినా, పడుకున్నా ఉబ్బు తగ్గకపోయినా కడుపు స్కాన్ చేయించాలి. మీకు వేరికోసిల్ ఉండి ఉండొచ్చు. కానీ వేరికోసిల్ ఉన్నవాడికి మెలిక పడదని ఎక్కడా లేదు. ఆ రాత్రి వచ్చిన నొప్పికి అది జవాబు కాదు.

కొన్నిసార్లు వృషణంలో ఏ జబ్బూ ఉండదు, నొప్పి అక్కడ తెలుస్తుందంతే. కిడ్నీ నుంచి దిగే మూత్రనాళం కింది భాగంలో రాయి ఇరుక్కుంటే నడుము పక్కనుంచి గజ్జల మీదుగా వృషణంలోకి పొడుస్తుంది. మనిషి ఒక్కచోట కూర్చోలేక మెలికలు తిరిగిపోతాడు, కానీ వృషణాన్ని నొక్కి చూస్తే నొప్పి ఉండదు. హెర్నియా కూడా అలాగే లాగుతుంది. దగ్గినప్పుడు గజ్జల్లో ఉబ్బు బయటికొస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. ఆ ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే పేగు ఇరుక్కుందని అర్థం, అది మళ్ళీ క్యాజువాలిటీ కేసే.

క్రికెట్ బంతి తగలడం, బైకు సడన్ బ్రేకు వేసినప్పుడు ట్యాంకుకు గుద్దుకోవడం మన కుర్రాళ్ళలో మామూలు దెబ్బలు. గంటలోపు నొప్పి తగ్గి, వాపూ నలుపూ లేకపోతే బట్టలో చుట్టిన ఐసు పెట్టుకుని విశ్రాంతి తీసుకోవచ్చు. సంచి ఉబ్బిపోతున్నా, నల్లగా కములుతున్నా, గంట దాటినా నొప్పి తగ్గకపోయినా స్కాన్ కావాలి, లోపల వృషణం చిట్లి ఉండొచ్చు. త్వరగా కుడితే నిలబడుతుంది.

షుగరు ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఇది వాళ్ళకి చదివి వినిపించండి. సంచి దగ్గరో మలద్వారం పక్కనో చిన్న సెగ్గడ్డలా మొదలై, పైకి కనిపించేదానికన్నా నొప్పి ఎన్నో రెట్లు ఎక్కువ ఉండి, చర్మం నల్లబడుతూ దుర్వాసన వస్తే అక్కడి చర్మం, లోపలి కణజాలం కుళ్ళిపోయే ఫోర్నియర్ గాంగ్రీన్ అనే ఇన్ఫెక్షన్ కావచ్చు. అది గంటగంటకూ పాకుతుంది, ప్రాణం తీస్తుంది. ఆయింట్‌మెంటు రాసి ఒక్కరోజు కూడా చూడకూడదు.

మీ క్యాన్సర్ భయానికి వస్తే, వృషణ క్యాన్సర్ మన దేశంలో అరుదు, ఏడాదికి లక్ష మంది మగవాళ్ళలో ఒకరికన్నా తక్కువ. కానీ వచ్చేది ఎక్కువగా 15 నుంచి 40 ఏళ్ళ కుర్రవాళ్ళకే, కాబట్టి కొట్టిపారేయను. అది సాధారణంగా నొప్పి లేని గట్టి గడ్డగానే మొదలవుతుంది. కొద్దిమందికే నొప్పి ఉంటుంది. నొప్పి లేదు కదా అని నెలల తరబడి ఊరుకునేది అందుకే. నెలకోసారి వేడినీళ్ళ స్నానం తర్వాత రెండు వృషణాలనూ వేళ్ళ మధ్య మెల్లగా దొర్లించి చూసుకోండి. వెనకాల మెత్తగా తగిలే చుట్ట సహజం, ఎడమది కాస్త కిందికి ఉండటమూ సహజం. వృషణంలోనే గట్టిగా ఏదైనా తగిలితే వారంలోపు స్కాన్ చేయించండి. చిన్నప్పుడు వృషణం దిగనివాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఒక్క హెచ్చరిక: అనుమానపు గడ్డకు సంచిలోంచి సూది గుచ్చి ముక్క తీయించుకోవద్దు. రక్తపరీక్షలు చేసి, గజ్జల్లోంచి ఆపరేషన్ చేయడమే పద్ధతి. తొలిదశలో దొరికితే దాదాపు అందరికీ నయమయ్యే క్యాన్సర్ ఇది.

హస్తప్రయోగం వల్ల వృషణాలు జబ్బు పడవు, చిన్నవైపోవు, నరాలు దెబ్బతినవు. ఎక్కువసేపు ఉద్రేకంగా ఉండి స్ఖలనం కాకపోతే కాసేపు బరువుగా, సలుపుగా ఉంటుంది, గంటల్లో పోతుంది, హాని లేదు. గోడల మీద, బస్టాండు స్తంభాల మీద కనిపించే 'నరాల బలహీనత' క్లినిక్కులు సరిగ్గా మీలాంటివాళ్ళ ఈ భయం మీదే బతుకుతున్నాయి. వాళ్ళు బట్ట విప్పి చూడరు, స్కాన్ అడగరు, పొట్లాలు కట్టి వేలు గుంజుతారు. మెలిపడిన వృషణంతో అక్కడికి వెళ్ళినవాడు ఆ పొట్లం ఇంటికి తెచ్చుకునే లోపే వృషణాన్ని పోగొట్టుకుంటాడు.

ఇంట్లో చెప్పలేకపోతున్నానన్నారు. మీకు 18 దాటింది కాబట్టి పరీక్షకైనా, ఆపరేషన్‌కైనా సంతకం మీరే పెట్టొచ్చు. మీరు చెప్పింది ఎవరికీ చెప్పకపోవడం డాక్టరు బాధ్యత. తలుపు వేయమని, పరదా లాగమని అడిగే హక్కు మీకుంది. మీకు ఇబ్బందిగా అనిపించేది మాకు రోజూ చూసే పని. అయినా వీలైతే రూమ్మేటుకో అన్నయ్యకో చెప్పి ఉంచండి. మళ్ళీ ఆ నొప్పి రాత్రి వస్తే మిమ్మల్ని బండెక్కించే మనిషి ఒకరు కావాలి కదా.

రేపు డాక్టరుతో మూడు వారాల లాగుడు గురించి కాకుండా, ముందు ఆ రాత్రి సంగతి చెప్పండి: ఎన్నింటికి లేచారు, ఎంతసేపు ఉంది, వాంతి ఎన్నిసార్లయింది, అంతకుముందు ఎప్పుడైనా ఇలా జరిగిందా. నొప్పి లేనప్పుడు తీసిన స్కాన్‌లో అంతా మామూలుగానే రావచ్చు. స్కాన్ బాగుందని అక్కడితో వదిలేయకుండా, "మెలిపడి విడిపోయి ఉండొచ్చా?" అని నోరు తెరిచి అడగండి. ఆయనకూ అదే అనుమానం వస్తే, ముందుజాగ్రత్తగా రెండు వృషణాలనూ కుట్టి నిలబెట్టే ఆపరేషన్ చెబుతారు. చిన్నదే, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. నెలరోజుల పాటు ఆటలు, జిమ్ము, బరువులు ఉండవు. సెమిస్టర్ పరీక్షల తర్వాత చేయించుకుంటానని మాత్రం వాయిదా అడక్కండి. ఆపరేషన్ అయిన వారం పది రోజులకు మామూలుగానే కూర్చుని పరీక్ష రాయొచ్చు.